షాల్కే సీజన్ ముగిసిన వారాంతం

మే 16, 2025, శుక్రవారం

స్టుట్‌గార్ట్‌లో పొద్దున్నే రైలెక్కి మధ్యాహ్నానికల్లా ఎసెన్‌లో దిగాను. అక్కడి నుంచి గెల్సెన్‌కిర్షెన్‌కి లోకల్ రైల్లో పది నిమిషాలే. ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్ షాల్కే 04 ఈ సీజన్ చివరి మ్యాచ్‌కి వెళ్తున్నానని ఆఫీసులో చెబితే పక్క సీటు కొలీగ్ నా వైపు జాలిగా చూశాడు. "ఇంకా వాళ్లనే పట్టుకుని ఉన్నావా?" అని అడిగాడు. జర్మనీలో షాల్కే అభిమాని అని చెప్పుకుంటే ఇప్పుడు ఎదురయ్యే చూపు ఇదే. ఈ క్లబ్ ఏడుసార్లు జాతీయ చాంపియన్. 1997లో యూఏఫా కప్ గెలిచింది, 2011లో యూరప్ మేటి క్లబ్‌లు ఆడే చాంపియన్స్ లీగ్‌లో సెమీఫైనల్ ఆడింది. ఈ ఏడాది మాత్రం రెండో డివిజన్‌లో కింద నుంచి లెక్కపెడితేనే త్వరగా దొరికే చోట ఉంది. పైకి వెళ్లే ఆశ ఎప్పుడో పోయింది. మూడో డివిజన్‌కి పడే ప్రమాదం మాత్రం తప్పింది. కోచ్ కీస్ వాన్ వండరెన్‌ని సీజన్ ముగియకముందే పంపించేశారు. ఆదివారం మ్యాచ్‌లో షాల్కేకి తేలాల్సింది ఏమీ లేదు, ఎదుటి జట్టుకే ఉంది.

మాది గోదావరిఖని. బాపు సింగరేణి బొగ్గు గనిలో, మా మాటలో బాయిలో, పని చేసి రిటైరయ్యాడు. నేను 2017లో మాస్టర్స్ చదవడానికి గెల్సెన్‌కిర్షెన్ పక్కనున్న బోఖుమ్ వచ్చాను. ఈ రూర్ ప్రాంతమంతా బొగ్గు నేల. వచ్చిన కొత్తలో ఎటు చూసినా గని మీద నిలబడే ఇనుప చక్రాల టవర్లే కనిపించేవి, మా ఊరికి వచ్చినట్టే ఉండేది. ఆ నవంబర్ 25న హాస్టల్ దగ్గరి పబ్‌లో, పక్క ఊరి జట్టు డార్ట్‌మండ్‌తో షాల్కే ఆడిన డెర్బీ చూశాను. సగం ఆట కాకముందే డార్ట్‌మండ్ 4-0 ఆధిక్యంలో ఉంది. పబ్‌లో సగం మంది బిల్లు కట్టి వెళ్లిపోయారు. ఆ తర్వాత షాల్కే ఒక్కో గోల్ కొడుతూ వచ్చింది. 94వ నిమిషంలో నాల్డో తలతో కొట్టిన బంతి గోల్‌లోకి వెళ్లి స్కోరు 4-4 అయింది. ముక్కూ మొహం తెలియని మనుషులు నన్ను పట్టుకుని ఊపేశారు. నా షాల్కే పిచ్చి ఆ రోజే మొదలైంది. ఆ సీజన్‌లో జట్టు రెండో స్థానంలో నిలిచింది. నా కళ్లతో చూసిన వైభవం ఆ ఒక్క సీజనే, అప్పటి నుంచి చూసిందంతా పతనం. ఆ వైభవం ఎలా ఉండేదో తెలుసుకోవాలనే కోరికే నన్ను మళ్లీ మళ్లీ ఈ ఊరికి రప్పిస్తుంది.

ఒక రిటైర్డ్ గని కార్మికుడి ఇంట్లో పై గది అద్దెకి తీసుకున్నాను. చదువుకునే రోజుల నుంచీ పరిచయం. సాయంత్రం ఊళ్లో నడిచాను. 1950ల చివర్లో ఇక్కడి జనాభా 4 లక్షలకు దగ్గరగా ఉండేది. ఇప్పుడు 2 లక్షల 70 వేల లోపే. జర్మనీలో నిరుద్యోగం బాగా ఎక్కువగా ఉన్న నగరాల్లో ఇదొకటి. స్టేషన్ వీధిలో మూసిన షాపులు కనిపిస్తాయి. కానీ బాల్కనీల్లో నీలం తెలుపు జెండాలు ఏమాత్రం తగ్గలేదు.

మే 17, శనివారం

పొద్దున పెద్దాయనే తన కారులో తిప్పుతానన్నాడు. వయసు 75. హ్యూగో గనిలో చేరి, 2000లో అది మూతపడే దాకా అక్కడే పని చేశాడు. 1958లో షాల్కే చివరిసారి చాంపియన్ అయినప్పుడు ఆయనకి ఎనిమిదేళ్లు. నాన్న భుజాలెక్కి ఊరేగింపు చూశాడట. చాంపియన్‌కి ట్రోఫీగా ఇచ్చే పళ్లెం తన కంట పడలేదని, ముందు నిలబడినవాళ్ల టోపీలే గుర్తున్నాయని చెప్పాడు.

ముందు గ్లుకౌఫ్ కాంప్ఫ్‌బాన్‌కి వెళ్లాం. 1928లో తెరిచిన పాత మైదానం ఇది. 'గ్లుకౌఫ్' ఇక్కడి గని కార్మికుల పలకరింపు. లోపలికి దిగేవాడు క్షేమంగా పైకి రావాలని కోరుకుంటూ చెప్పేది. ఈ మైదానంలోనే ఎర్నెస్ట్ కుజోరా, ఫ్రిట్స్ షెపాన్ ఆడారు. చిన్న చిన్న పాస్‌లతో బంతిని గిర్రున తిప్పుతూ ప్రత్యర్థిని అలసిపోయేలా చేసే వాళ్ల ఆట జర్మనీ అంతా మారుమోగింది. కుజోరా గనిలో పని చేసినవాడు. 1934, 35, 37, 39, 40, 42 టైటిల్స్ ఆ తరంవే.

ఆ సంవత్సరాలు చదివితే అది ఎవరి పాలనో ఎవరికైనా తెలుస్తుంది. అభిమానిని కాబట్టి ఈ మాట దాటవేయడం నాకు ఇష్టం లేదు. నాజీలు యూదుల ఆస్తులు లాక్కుంటున్న రోజుల్లో షెపాన్ ఒక యూదు కుటుంబపు బట్టల వ్యాపారాన్ని సొంతం చేసుకున్నాడు. ఆ యజమానుల్ని తర్వాత లాట్వియాలోని రీగాకి తరలించి చంపేశారు. ఆయన పేరు వీధికి పెట్టాలన్న ఆలోచనను ఇందుకే మానుకున్నారు. పెద్దాయన కూడా ఈ విషయం దాచలేదు. "ఆట గొప్పది. మనిషి చేసింది తప్పు. రెండూ చెప్పాలి" అన్నాడు.

అక్కడికి దగ్గర్లోనే సెయింట్ జోసెఫ్ చర్చి ఉంది. ఒక రంగు అద్దాల కిటికీలో సెయింట్ అలోయిసియస్ బొమ్మ ఫుట్‌బాల్ బూట్లతో ఉంటుంది, కాళ్ల దగ్గర బంతి. నాకు ఈ కిటికీ చాలా ఇష్టం. గని కార్మికులు తమ ఆటని దేవుడి దగ్గరికి తీసుకెళ్లారు, చర్చి కూడా వద్దనలేదు.

తర్వాత బెక్‌హౌసెన్ శ్మశానం. అందులో షాల్కే అభిమానుల కోసమే ఒక భాగం ఉంది. 2012లో తెరిచారు. స్టేడియం ఆకారంలో మెట్లు మెట్లుగా, క్లబ్ పుట్టిన ఏడాది గుర్తుగా 1904 సమాధులకు చోటు. పెద్దాయన ఒక చోటు చూపించి, "ఇది నాది. డబ్బు కట్టేశాను" అన్నాడు. నాకు ఏమనాలో తోచలేదు. బెంచీ మీద కూర్చున్నాక అడిగాను:

"ఇప్పుడు ఓడిపోతే బాధ అనిపించదా?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "2001లో వారం రోజులు తిండి సహించలేదు. 2021లో కోపంతో నిద్ర పట్టలేదు. మొన్న ఓడినప్పుడు ఇంటికెళ్లి టమాటా మొక్కలకి నీళ్లు పోశాను. అదే నాకు భయంగా ఉంది."

ఆ మాట నాకు ఈటెలా దిగింది. నాక్కూడా అలాగే అవుతోంది కనుక. మాంచెస్టర్ సిటీ చేతిలో 2019 మార్చిలో 7-0తో ఓడినప్పుడు మర్నాడు క్లాసుకి వెళ్లలేకపోయాను. ఈ మధ్య స్కోరు చూసి ఫోన్ జేబులో పెట్టేసుకుంటున్నాను. ఓటమి అలవాటైపోతే ఇంక ఆ జట్టు మనది ఎలా అవుతుంది? గొప్ప జట్టు పడిపోవడం ఒక్కరోజులో జరగదు, ప్రతి మెట్టు దగ్గరా మనం కొంచెం సర్దుకుపోతాం. చాంపియన్స్ లీగ్ లేకపోయినా పర్లేదనుకుంటాం. తర్వాత పైడివిజన్‌లో ఉంటే చాలనుకుంటాం. ఈ ఏడాది మూడో డివిజన్‌కి పోకపోతే చాలు అనుకున్నాం.

ఎందుకిలా అయిందో ఇక్కడ చిన్న పిల్లాడు కూడా చెబుతాడు. క్లబ్ ఏటా చాంపియన్స్ లీగ్ ఆడుతుందని, ఆ డబ్బు వస్తూనే ఉంటుందని నమ్మి జీతాలు పెంచుకుంటూ పోయారు. రాని డబ్బు ముందే ఖర్చయింది. మరోవైపు, మంచి ఆటగాళ్లు కాంట్రాక్టు ముగించుకుని పైసా రాకుండా వెళ్లిపోయారు: 2016లో మాటిప్, 2017లో కొలాసినాక్, 2018లో గొరెట్స్కా, మాయర్, 2020లో న్యూబెల్. వీళ్లలో ఎక్కువమంది ఇక్కడి అకాడమీలో ఎదిగినవాళ్లే. ఒక్కొక్కరినీ సమయానికి అమ్మి ఉంటే వచ్చే సొమ్ము ఎంతో! అంతకుముందు, ఈ ఊళ్లోనే పుట్టిన గోల్‌కీపర్ మాన్యుయల్ నాయర్ 2011లో బాయర్న్ మ్యూనిక్‌కి వెళ్లాడు. కనీసం దానికి డబ్బొచ్చింది. కోవిడ్ వచ్చి స్టేడియం ఖాళీ అయ్యేసరికి అప్పు 20 కోట్ల యూరోలు దాటింది. పర్యవేక్షక మండలి అధ్యక్షుడు, మాంసం వ్యాపారి క్లెమెన్స్ టోనీస్, ఆఫ్రికా ప్రజల గురించి చేసిన వ్యాఖ్యల మీద దుమారం రేగి 2019లో మూడు నెలలు పక్కన ఉన్నాడు. 2020 జూన్‌లో పూర్తిగా తప్పుకున్నాడు. ఆ వ్యాఖ్యలప్పుడు ఒక విదేశీయుడిగా నాకు ఈ క్లబ్ మీద మొదటిసారి మనసు విరిగింది. అభిమానులు స్టేడియంలో బహిరంగంగా వ్యతిరేకించారు కాబట్టే నిలబడగలిగాను.

మైదానంలో జరిగింది ఇంకా ఘోరం. 2020 జనవరి నుంచి దాదాపు ఏడాది పాటు లీగ్‌లో ఒక్క గెలుపు లేదు, 30 మ్యాచ్‌లు. టాస్మానియా బెర్లిన్ 31 మ్యాచ్‌ల చెత్త రికార్డుకి ఒక్క అడుగు దూరంలో హాఫెన్‌హైమ్‌ని 4-0తో ఓడించారు. ఆ సీజన్ బాయర్న్ చేతిలో 8-0తో మొదలైంది. ఐదుగురు కోచ్‌లు మారారు. 3 గెలుపులు, 16 పాయింట్లు. 2021 ఏప్రిల్ 20న బీలెఫెల్డ్‌లో ఓడి రెండో డివిజన్‌కి పడిపోయారు. ఆ రాత్రి బస్సు తిరిగొచ్చేసరికి స్టేడియం దగ్గర కాపు కాసిన కొందరు అభిమానులు ఆటగాళ్ల వెంటపడ్డారు. అది తప్పే, నేను సమర్థించను. కానీ ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి డార్ట్‌మండ్‌లో ఉండే నా పాత రూమ్మేట్ మెసేజ్ పెట్టాడు. "మామా, 3-0! చాంపియన్స్ లీగ్ పక్కా!" కీల్‌ని ఓడించి డార్ట్‌మండ్ నాలుగో స్థానం పట్టేసింది. వాడిది వరంగల్, మంచివాడే. కానీ పక్క ఊరి క్లబ్ యూరప్ వైపు చూస్తుంటే మనం ఎక్కడున్నామో గుర్తొచ్చి కడుపు రగిలిపోయింది. ఇక్కడి వాళ్లు ఆ ఊరి పేరు కూడా ఎత్తరు, 'ల్యూడెన్‌షైడ్ నార్డ్' అంటారు. నేను "కంగ్రాట్స్ రా" అని పంపి ఫోన్ బోర్లా పెట్టేశాను. ఆ మంట రావడం ఒక రకంగా సంతోషం కలిగించింది. ఇంకా చావలేదన్నమాట.

మే 18, ఆదివారం

302 ట్రామ్ స్టేషన్ దగ్గరే కిక్కిరిసిపోయింది. కుర్ట్ షూమాఖర్ వీధిలో 'షాల్కర్ మైలె' అని పిలిచే చోట అభిమానుల పబ్‌లు వరసగా ఉంటాయి. గోడలన్నీ నీలం తెలుపు. పొద్దున పదింటికే జనం బయట నిలబడి పాడుతున్నారు. ఒక తాత, ఒక తల్లి, ఒక పసిబిడ్డ ముగ్గురూ ఒకే జెర్సీలో కనిపించారు. పట్టికలో ఇంత కింద ఉన్న జట్టు కోసం!

ఇదే నాకు ఎప్పటికీ అబ్బురం. ఈ స్టేడియంలో 62 వేలకు పైగా పడతారు. రెండో డివిజన్‌లో ఇంత ఘోరమైన సీజన్‌లో కూడా సగటున 60 వేలకు పైగా వచ్చారు. సభ్యులు దాదాపు 2 లక్షలు. క్లబ్ ఇప్పటికీ వాళ్లదే, ఏ కంపెనీకో షేకుకో అమ్మలేదు. రష్యా గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ 2007 నుంచి జెర్సీ మీద ఉండేది. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలవగానే ఆ పేరు తీసేశారు. డబ్బుకి కటకటగా ఉన్న రోజుల్లో. ఆ నిర్ణయం నాకు గర్వంగా ఉంది. ఈ మధ్యే అభిమానులు ఒక సహకార సంఘం కూడా పెట్టారు. తలా కొంత వేసుకుని స్టేడియంలో వాటా కొని, ఆ సొమ్ముతో క్లబ్ అప్పు తగ్గించాలని.

ఆటగాళ్లు మైదానంలోకి వచ్చే దారిని గని సొరంగంలా కట్టారు, గోడలు బొగ్గు పొరల్లా నల్లగా ఉంటాయి. ఒకసారి స్టేడియం టూర్‌లో అది వీడియో తీసి పంపితే బాపు మళ్లీ మళ్లీ చూశాడట. "మా బాయి లెక్కనే ఉన్నది బిడ్డా. కాకుంటే గాలి మంచిగ ఆడుతున్నట్టున్నది" అన్నాడు.

మ్యాచ్‌కి ముందు గని కార్మికుల పాట 'స్టైగర్‌లీడ్' మొదలైంది. 60 వేల మంది లేచి నిలబడి కండువాలు ఎత్తి పాడారు. జర్మనీలో చివరి నల్ల బొగ్గు గని పక్కనున్న బాట్రాప్‌లో 2018 డిసెంబర్ 21న మూతపడింది. ఈ పాట పాడేవాళ్లలో కుర్రకారు ఎవరూ గనిలో దిగలేదు, ఇక దిగరు. అయినా ప్రతి మాటా వాళ్లకి నోటికొచ్చు. నా గొంతు బొంగురుపోయింది. పక్కన పెద్దాయన కళ్లు మూసుకుని పాడుతున్నాడు.

ఎదుటి జట్టు ఎల్వర్స్‌బర్గ్. జార్లాండ్ రాష్ట్రంలో 13 వేల జనాభా ఉన్న చిన్న ఊరు. అదీ ఒకప్పుడు బొగ్గు మీద బతికిన ప్రాంతమే. రెండేళ్ల క్రితం దాకా ఆ క్లబ్ రెండో డివిజన్ మొహమే చూడలేదు. ఇప్పుడు గెలిస్తే మొదటి డివిజన్ కోసం ప్లే-ఆఫ్ ఆడుతుంది. ఆ ఊరి జనమంతా వచ్చినా మా స్టేడియంలో పావు వంతు కూడా నిండదు. కానీ వాళ్లు ఆడిన తీరు చూడండి. ఎవరు ఎక్కడ నిలబడాలో, బంతి పోతే ఎవరు వెంటపడాలో అందరికీ తెలుసు. చేతిలో ఉన్నంతలోనే జట్టు కట్టారు. మా వాళ్లు మాత్రం ఒకరి కోసం ఒకరు చూస్తూ నిలబడిపోయారు. ఎల్వర్స్‌బర్గ్ 2-1తో గెలిచింది.

గోల్స్ గురించి రాయబుద్ధి కావడం లేదు. చివరి విజిల్ తర్వాత సంగతి రాస్తాను. ఎల్వర్స్‌బర్గ్ వాళ్లు గంతులేస్తున్నారు. మా చుట్టూ కొందరు ఈలలు వేశారు. ఇక్కడ ఈల అంటే నిరసన. కొందరు చేతులు కట్టుకుని నిలబడ్డారు. చాలామంది జాకెట్ వేసుకుని మెట్ల వైపు నడిచారు. షాల్కే 38 పాయింట్లతో 14వ స్థానంలో ఆగింది. 121 ఏళ్ల ఈ క్లబ్ రెండో డివిజన్‌లో ఇంత కింద ఎప్పుడూ ముగించలేదు. ఏ ఒక్కరూ ఏడవడం నాకు కనిపించలేదు.

అప్పుడు మా ముందు వరసలో పదేళ్ల పిల్లాడు వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టాడు. వాళ్ల నాన్న సముదాయించబోయాడు. పెద్దాయన వంగి ఆ నాన్న భుజం తట్టి, "ఏడవనివ్వు" అన్నాడు.

రాత్రి బాపు ఫోన్ చేశాడు.

"ఏం బిడ్డా, తిన్నవా? మల్లా ఓడిండ్రా?"

"ఓడిండ్రు బాపూ."

"గెలిచేటోళ్ల దిక్కు వోరాదు మరి?"

"నువ్వు వోయేటోనివా?"

బాపు నవ్విండు. "మా బాయి మూసి ఎన్నేండ్లాయె. ఇప్పటికీ ఎవరన్న అడిగితే ఆ బాయి పేరే చెప్త గద."

మా దగ్గర కూడా భూగర్భ గనులు ఒక్కొక్కటే తగ్గి ఓపెన్‌కాస్ట్‌లు పెరిగాయి. ఇక్కడ గనులు పోయినా ఊరు తన జ్ఞాపకాన్ని దాచుకోవడానికి ఒక క్లబ్ మిగిలింది. అందుకే దీన్ని చేతగానితనంతో పాడుచేసిన పెద్దల మీద నాకు అంత కోపం. ఓడిపోయినందుకు కాదు. ఇన్ని వేలమంది నెల జీతంలోంచి తీసి టికెట్ కొని, తమ ఊరి పేరు చేతికిస్తే, లెక్క చూసుకోకుండా తగలేశారు.

మే 19, సోమవారం

కాకతాళీయమే, ఈ రోజు 2001 మే 19 వార్షికం. రైలు మధ్యాహ్నం ఉంది కనుక పొద్దున బెర్గర్ ఫెల్డ్‌కి వెళ్లాను. కొత్త స్టేడియం పక్కనే పాత పార్క్‌స్టేడియన్ ఉండేది. ఇప్పుడు అది శిక్షణ మైదానం. పాత స్టాండ్ మట్టి గట్టు కొంత, ఒక ఫ్లడ్‌లైట్ స్తంభం మిగిలాయి.

ఆ రోజు అక్కడ చివరి లీగ్ మ్యాచ్. షాల్కే ఉంటర్‌హాఖింగ్‌ని 5-3తో ఓడించింది. హాంబర్గ్‌లో బాయర్న్ ఓడితే టైటిల్ షాల్కేదే, 43 ఏళ్ల తర్వాత. 90వ నిమిషంలో బార్బారెజ్ గోల్ కొట్టి హాంబర్గ్‌ని ముందుకి తెచ్చాడు. అక్కడి మ్యాచ్ అయిపోయిందన్న తప్పుడు వార్త ఇక్కడ పాకింది. జనం మైదానంలోకి దూకారు. ఆటగాళ్లు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. ఇంతలో పెద్ద తెర మీద హాంబర్గ్ మ్యాచ్ కనబడింది, అది ఇంకా జరుగుతూనే ఉంది. 94వ నిమిషంలో బాయర్న్‌కి పెనాల్టీ ఏరియాలో ఇండైరెక్ట్ ఫ్రీ కిక్. పాట్రిక్ ఆండర్సన్ గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు, టైటిల్ బాయర్న్‌కి వెళ్లింది. నోటి దాకా వచ్చిన ముద్ద జారిపోయినట్టయింది. నాలుగు నిమిషాల చాంపియన్లు అని ఇప్పటికీ అంటారు. ఇక ఫుట్‌బాల్ దేవుణ్ని నమ్మనని మేనేజర్ రూడీ అసౌవర్ ఆ రోజు అన్నాడు.

పెద్దాయన ఆ గట్టు మీద తను నిలబడిన చోటు చూపించాడు. తొక్కిసలాటలో ఒక బూటు పోయిందని, ఒంటి బూటుతో ఇంటికి నడిచానని చెప్పాడు. చెబుతుంటే గొంతు వణికింది. నిన్నటి ఓటమికి వణకని గొంతు.

ఇద్దరం స్టేడియం వైపు నడుస్తూ చాలాసేపు వాదించుకున్నాం. ముందు అప్పు తీర్చాలని ఆయన పట్టు. అకాడమీ కుర్రాళ్లని కనీసం రెండు మూడేళ్లు ఇక్కడ ఆడించి, సమయానికి కాంట్రాక్టు పొడిగించాలని నా పట్టు. వాళ్లు వెళ్లాలనుకుంటే వెళ్లనీ, కానీ వాళ్లు వెళ్లినప్పుడు క్లబ్ చేతిలో డబ్బుండాలి. పేరున్న ఆటగాడిని అప్పు చేసి తెచ్చే రోజులు మళ్లీ రాకూడదన్న దాని దగ్గర ఇద్దరం కలిశాం. సహకార సంఘంలో నేనూ ఒక వాటా తీసుకుంటానని చెప్పాను. తను ఎప్పుడో తీసుకున్నానని చెప్పి, మనవరాలి పేరు మీద ఇంకోటి తీసుకున్నానన్నాడు.

ట్రామ్ ఎక్కబోతుంటే కొత్త సీజన్ టికెట్ల సంగతి అడిగాడు. రెండు చూడమన్నాను. బాపు వీసా వచ్చింది, ఆగస్టులో వస్తున్నాడు. ముందు బోఖుమ్‌లో గనుల మ్యూజియం చూస్తాడట, తర్వాత మ్యాచ్. చలికి ఏం తెచ్చుకోవాలో అడుగుతున్నాడు. ఆగస్టులో చలి ఉండదని, జెర్సీ నేనే కొనిపెడతానని చెప్పాను.